ఐదున్నర పాఠం

పుష్యమాసం. తెల్లవారుజాము ఐదున్నర.
పెదవాల్తేరు మలుపులో
ఎర్ర ఎల్ బోర్డు తగిలించుకున్న నా పాత ఆల్టో.
రాత్రంతా సముద్రం ఊదిన తడి
అద్దం మీద ఉప్పుపొరై ఆరింది.
గుడ్డతో తుడిచి
తవిటమ్మను డ్రైవరు సీట్లో కూర్చోబెడతాను.

హార్బరులో రొయ్యల షెడ్డు మేస్త్రీ ఆమె.
ఐసు వ్యాను తనే తోలుకోవాలని పట్టుదల.
నలభై ఏళ్ళ పాదం, రబ్బరు చెప్పు.
క్లచ్ నెమ్మదిగా వదలమంటాను.
వదులుతుంది.
ఏజెన్సీ మలేరియా పట్టినట్టు
బండి గడగడలాడుతుంది.
డాష్‌బోర్డు మీద అప్పన్న బొమ్మ తల ఊపుతుంది.
డబ్బాలో చిల్లర గలగలమంటుంది.

"కాలు వణకనీయకమ్మా."
"నా కాలు కాదు మాస్టారూ, బండే వణుకుతంది."
"అందరూ అదే మాట" అన్నాను.
పదకొండు రోజులు అన్నాను.

ఆరున్నరకి ఇంజనీరింగ్ కుర్రాడొస్తాడు.
అప్పటికి ఇంజను వేడి మీదుంటుంది.
వాడు క్లచ్ వదిలితే
తెడ్డు పడ్డ తెప్పలా జారుతుంది.
పాదమంటే అదీ, అనుకునేవాణ్ణి.

పన్నెండో రోజు తవిటమ్మ రాలేదు.
ఊరికే ఉండలేక చల్లటి బండిని నేనే కదిపాను.
పాతికేళ్ళ లైసెన్సున్న పాదం కింద
అదే గడగడ.
దిగి అటూ ఇటూ చూశాను,
వీధిలో ఎవరైనా చూశారేమోనని.

కంచరపాలెం. పోలారావు షెడ్డు.
వెంటనే పానా పట్టడతను.
"రాత్రికి ఒగ్గేసి ఎల్లండి.
ఏడి మీదున్న బండి అబద్దాలాడతాది."

మర్నాడు టీ కూడా తాగకుండా
బోనెట్ ఎత్తి, హేండ్‌బ్రేకు లాగి,
నన్ను క్లచ్ కొంచెం కొంచెం వదలమని
ఇంజను ఎంత ఊగుతోందో చూశాడు.
మౌంటు రబ్బర్లు గట్టిగానే ఉన్నాయి.
కింద దూరి, గేర్‌బాక్సు అతుకులో వేలు పెట్టి
ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.
"ఇంజనాయిలు కాదిది, గేరాయిలు.
కుళ్ళిన ఉల్లిపాయ కంపు, సూడండి."

గేర్‌బాక్సు దించితే
మాడిన దిబ్బరొట్టెలా క్లచ్ ప్లేటు.
షాఫ్టు సీలు పెదవి చిట్లి
ఎన్నాళ్ళనుంచో చుక్క, చుక్క.
ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు,
వాటి మధ్య రాత్రికి రాత్రి
సముద్రం పూసిపోయిన పలచని తుప్పు.
చలిలో ఆ జిడ్డు
పట్టి, జారి, పట్టి, జారి,
వేడెక్కాక సర్దుకుని
ఏమీ ఎరగనట్టు నడిచేది.

బేరింగు తీసి చెవి దగ్గర తిప్పాడు.
"ఇంత అరుగుదలేటి?
నేర్చుకునేవోళ్ళు మారతా ఉంతారు.
మారని కాలెవులది మాస్టారూ?"

నా వైపు కూడా రెండు పెడళ్ళున్నాయి.
పాఠం మొదలైన దగ్గర్నుంచీ
నా ఎడమకాలు భయం కొద్దీ
క్లచ్‌ని సగం నొక్కే ఉంచుతుందని
ఆ నిమిషం దాకా నాకు తెలీదు.

కొత్త సీలు, ప్లేటు, బేరింగు.
ఫ్లైవీల్‌ని లేతుకి పంపి ముఖం కడిగించాడు.
షాఫ్టు పళ్ళకి గోరంత గ్రీజు,
"ఎక్కువైతే మళ్ళీ నాకే పని."
తొమ్మిది వేల ఆరొందలు.
"ఐదొందల కిలోమీటర్లు మెత్తగా తోలండి"
అన్నాడు, నా చెప్పులకేసి చూస్తూ.

తవిటమ్మ మూడుసార్లు ఫోనెత్తలేదు.
నాలుగోసారి, వెనక ఐసు పగలగొట్టే చప్పుడు.
"తప్పు బండిదేనమ్మా" అన్నాను.
కాసేపాగి, "నాది కూడా."
"నే సెప్తే ఇన్నేదు కదా" అంది.
ఐసు చప్పుడు చాలాసేపు వినిపించింది.
"రేపొస్తాను."

పాండురంగాపురం ఎత్తు మీద, పొగమంచులో,
బండి ఆపి సగం క్లచ్‌లో నిలబెట్టింది.
ఇంజను గొంతు కాస్త తగ్గి, నిలదొక్కుకుంది.
అప్పన్న తల కదల్లేదు.
చిల్లర నోరు మెదపలేదు.
బండి పైకి పోతోంది.

కుడికాలు బ్రేకు దగ్గరుంచి
ఎడమకాలు మడిచి తొడకింద పెట్టుకున్నాను.

"మాస్టారూ, ఆ రెండో కాలేదీ?" అంది
రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.